మా బాబు మణికట్టు ఎక్స్‌రేలో ఎనిమిది ఎముకలకు మూడే కనిపిస్తున్నాయి

విల్లివాక్కం_నాన్న
మా బాబుకు నాలుగేళ్ల రెండు నెలలు. పోయిన ఆదివారం మా వీధి చివరి పార్కులో జారుడుబల్ల మీద నుంచి ఎడమ చెయ్యి ఆనించి పడ్డాడు. మణికట్టు కొంచెం వాచింది. దగ్గరలోని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక ఎక్కడా విరగలేదని చెప్పి రెండు నిమిషాల్లో పంపేశారు. వాపు కూడా తగ్గిపోయింది. నా దిగులు వేరే ఉంది. ఇంటికి వచ్చాక ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి చూశాను. మణికట్టులో ఎనిమిది ఎముకలు ఉంటాయని మా పెద్దమ్మాయి జీవశాస్త్ర పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. వీడికి మూడే ఉన్నాయి. నాలుగోది ఉండవలసిన చోట ఆవగింజంత తెల్లని చుక్క ఉంది. మిగిలినదంతా ఖాళీ. పైగా వేళ్ల ఎముకల మొదళ్లలో చిన్న చిన్న బిళ్లలు విడిపోయి, మధ్యలో నల్లని గీతతో, విరిగినట్టే కనిపిస్తున్నాయి. డాక్టరు గారిని అడుగుదామంటే మళ్లీ అపాయింట్‌మెంటు వచ్చే వారం దాకా లేదు. ఇది ఏదైనా లోపమా?

ఎక్స్‌రే_గది
చెన్నైలో పదిహేడేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాను. ఈ ప్రశ్న నెలకు ఒక్కరైనా అడుగుతారు కాబట్టి వివరంగా రాస్తాను. ఎనిమిదీ మీ బాబు చేతిలో ఉన్నాయి. అయితే వాటిలో నాలుగైదు ఇంకా మృదులాస్థిగానే ఉన్నాయి, అంటే మన చెవి డొప్పలో ఉండే మెత్తని పదార్థం లాంటిదన్నమాట. ఎక్స్‌రే కిరణాలను బాగా అడ్డుకునేది ఎముకలోని కాల్షియం. కాల్షియం చేరని మృదులాస్థి ఫిల్ము మీద చుట్టూ ఉన్న కండలాగే బూడిదరంగులో కలిసిపోతుంది కాబట్టి, అక్కడ ఏమీ లేనట్టు అనిపిస్తుంది. పుట్టిన రోజు తీసిన చేతి ఎక్స్‌రేలో మణికట్టు మొత్తం ఖాళీగానే ఉంటుంది. మీరు చూసిన ఆవగింజ ఒక ఎముక మధ్యలో కాల్షియం చేరడం మొదలైన చోటు.

విడిపోయినట్టున్న బిళ్లలు విరిగిన ముక్కలు కావు. ఆ నల్లని గీత ఎదుగుదల పలక. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఎదుగుదల ఆగిన తరువాత ఆ గీత మూసుకుపోయి బిళ్ల, కాండం ఒక్కటవుతాయి.

విల్లివాక్కం_నాన్న
ఈ నాలుగు మాటలు ఆ గదిలోనే ఎవరైనా చెప్పి ఉంటే మూడు రాత్రులు నిద్ర లేకుండా గడిపేవాళ్లం కాదు. ఆ చుక్క ఏ ఎముకది అయ్యుంటుంది?

మొదటేడు_ఎంబీబీఎస్
నిన్ననే మాకు అనాటమీ క్లాసులో ఇదే పాఠం జరిగింది. ఎముకలు కనిపించే వరుస దాదాపు అందరు పిల్లల్లోనూ ఒకటే. పుట్టిన కొద్ది నెలల్లో మణికట్టు నడుమన ఉండే క్యాపిటేట్, దాని పక్కన హ్యామేట్ వస్తాయి. సుమారు మూడో ఏట ట్రైక్వెట్రమ్, నాలుగో ఏట లూనేట్ వస్తాయి. ఆ తరువాత నాలుగు, ఆరేళ్ల మధ్యలో స్కాఫాయిడ్, ట్రపీజియం, ట్రపెజాయిడ్ వస్తాయి. అన్నిటికన్నా చివర తొమ్మిది, పన్నెండేళ్ల మధ్య పిసిఫార్మ్ వస్తుంది. ఆడపిల్లల్లో ఇవన్నీ కొంచెం ముందే కనిపిస్తాయి. కాబట్టి మీ బాబు చేతిలోని ఆవగింజ లూనేటే అయ్యుండాలి. లూనేట్ అంటే నెలవంక ఎముక.

పేర్లు చూసి బెదరవద్దు. స్కాఫాయిడ్ అంటే పడవ, పిసిఫార్మ్ అంటే బఠానీ గింజ, హ్యామేట్ అంటే కొక్కెం ఉన్నది, ట్రైక్వెట్రమ్ అంటే మూడు మూలలది. లాటిన్, గ్రీకు భాషల్లో మామూలు వస్తువుల, ఆకారాల పేర్లే ఇవన్నీ.

టీనగర్_సరళ
మా వాడికి ఎనిమిదేళ్లు, క్లాసులో అందరికన్నా పొట్టి. ఎడమ చేతికి ఒక ఎక్స్‌రే తీయిస్తే ఎంత ఎత్తు ఎదుగుతాడో చెప్పేస్తారని మా పక్కింటావిడ అన్నారు. ఈ వరుసను బట్టేనా అది చెప్పేది?

ఎక్స్‌రే_గది
సరళ గారూ, దానిని ఎముక వయసు అంటారు. ఎడమ చేయి, మణికట్టు ఫిల్మును ఒక్కో వయసుకు ప్రమాణంగా పెట్టుకున్న ఫిల్ములతో పోల్చి చెబుతారు. ఎక్కువగా వాడే గ్రూలిక్, పైల్ అట్లాసు మొదట 1950లో వచ్చింది. అందులోని బొమ్మలు అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరపు సంపన్న కుటుంబాల పిల్లలవి, 1930, 40లలో తీసినవి. మన పిల్లలతో పోల్చేటప్పుడు ఏడాది అటూ ఇటూ తేడా ఉంటే దానిని జబ్బుగా లెక్కించకూడదు. పిల్లల డాక్టరు ఆరు నెలలకోసారి ఎత్తు కొలిచి, ఎదుగుదల మందగించిందని అనుమానం వస్తే అప్పుడు రాయాలి. పక్కింటావిడ మాట మీద తీయించవద్దు.

టీనగర్_సరళ
సరే, ముందు ఎత్తు కొలిపిస్తాను.

అడయార్_మాధవి
విల్లివాక్కం గారి బాబుకు ఏమీ లేకపోవడం సంతోషం. కానీ "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్న మాట పెద్దవాళ్ల మణికట్టు విషయంలో చివరి మాట కాదని నా అనుభవం. రెండేళ్ల కిందట నవంబరు వానల్లో మధ్య కైలాష్ దగ్గర స్కూటరు జారి, కుడి అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాను. అదే రోజు ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, బెణికిందని చెప్పి క్రేప్ బ్యాండేజీ చుట్టారు. వారానికి వాపు తగ్గింది. చపాతీ పిండి కలుపుతున్నప్పుడు మాత్రం, బొటనవేలిని వెనక్కి చాచితే దాని మొదట్లో ఏర్పడే గుంట ఉంటుంది చూడండి, అక్కడ ఎవరో మేకు దించినట్టు ఉండేది. బెణుకే కదా అని నాలుగు నెలలు ఓర్చుకున్నాను. చివరికి వేరే ఎముకల డాక్టరు ఆ గుంటలో వేలితో నొక్కగానే నేను కుర్చీలోంచి లేచిపోయాను. ఎమ్మారై తీస్తే స్కాఫాయిడ్ నడుము దగ్గర విరిగి, అతుక్కోకుండా రెండు ముక్కలుగా ఉండిపోయిందని తేలింది. తుంటి దగ్గర నుంచి ఎముక తీసి అక్కడ పెట్టి, స్క్రూ వేశారు. ఇప్పటికీ దోసెల పెనం ఒంటిచేత్తో ఎత్తలేను.

నాకు కోపం మొదటి ఎక్స్‌రేలో కనిపించనందుకు కాదు. పది రోజుల తరువాత మళ్లీ రమ్మని ఒక్క మాట చెప్పనందుకు.

కీళ్ల_వార్డు
మాధవి గారు చెప్పిన గుంటను పాశ్చాత్యులు నశ్యం పొడి పెట్టుకునే గుంట అంటారు. దాని అడుగున ఉండేదే స్కాఫాయిడ్. చెయ్యి ఆనించి పడిన వ్యక్తికి అక్కడ నొక్కితే నొప్పి ఉంటే, ఫిల్ము మామూలుగా ఉన్నా బొటనవేలితో సహా కదలకుండా కట్టి, పది నుంచి పద్నాలుగు రోజుల తరువాత మళ్లీ చూడాలని మాకు నేర్పుతారు. విరిగిన అంచుల దగ్గర ఎముక కొంత కరిగి, అప్పటికి గీత బయటపడుతుంది. వీలుంటే వెంటనే ఎమ్మారై తీస్తే ఇంకా మంచిది.

ఈ ఒక్క ఎముక ఇంత మొండిగా ఎందుకు ఉంటుందంటే, దాని రక్తనాళాల దారి తిరకాసుగా ఉంటుంది. రక్తం మోచేతి వైపు నుంచి వేళ్ల వైపు పారుతుంది కదా. స్కాఫాయిడ్‌కు వచ్చే రక్తంలో చాలా భాగం మాత్రం వేళ్ల వైపున్న కొసకు దగ్గరగా లోపలికి దిగి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి మోచేతి వైపు కొసకు చేరుతుంది. చెరువు తూము కింది పొలాలకు కాలువ పైనుంచి కాక, చివరి పొలం దాకా వెళ్లి వెనక్కి మళ్లినట్టు ఊహించండి. నడుము దగ్గర విరిగితే కాలువ తెగిపోతుంది, వెనక ఉన్న ముక్కకు నీరు అందదు. అది అతుక్కోవడానికి నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి ఆ ముక్క చచ్చిపోతుంది.

పెరంబూర్_బాబాయి
మా ఊరు నగరి. పుత్తూరు కట్టు గురించి ఇక్కడ ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. తిరుత్తణి, నగరి దాటి ఆ ఊరికి మద్రాసు నుంచి తరతరాలుగా జనం వెళుతున్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, అంతే. 1988లో మా అన్నయ్య ముంజేయి విరిగితే మూడు కట్లతో అతుక్కుంది. ఈరోజుకీ ఆ చేత్తో బిందె ఎత్తుతాడు. స్క్రూలు, తుంటి నుంచి ఎముక తీయడాలు మా కాలంలో మేము వినలేదు.

కీళ్ల_వార్డు
బాబాయి గారూ, మీ అన్నయ్య గారి విషయంలో అనుమానం లేదు. ముంజేతి ఎముకలకు చుట్టూ కండ, దండిగా రక్తం ఉంటాయి. జరగని ముక్కలను కదలకుండా పట్టి ఉంచితే వెదురు బద్ద అయినా పనిచేస్తుంది, ప్లాస్టరు చేసే పని కూడా అదే. స్కాఫాయిడ్ అలాంటిది కాదు. అది సుమారు జీడిపప్పంత ఎముక, దాని పైభాగంలో చాలామటుకు కీలులోని నున్నని మృదులాస్థే కప్పి ఉంటుంది. బయటి నుంచి తడిమితే ముక్కలు జరిగాయో లేదో ఏ చేతికీ తెలియదు. కట్టు కట్టించుకునేవారు ముందు ఫిల్ము తీయించుకోవాలన్నదే నా మనవి.

పెరంబూర్_బాబాయి
ఇప్పుడు అక్కడికి వెళ్లేవాళ్లు కూడా చాలామంది ఎక్స్‌రే పట్టుకునే వెళుతున్నారు. ఆ మేరకు మీతో ఏకీభవిస్తాను. కట్టు మీద నా నమ్మకం మాత్రం మారదు.

అంబత్తూరు_ఆల్‌రౌండర్
వీధి క్రికెట్‌లో క్యాచ్ పట్టబోతే బంతి ఉంగరపు వేలి కొసకు తగిలి, కొస కిందికి వేలాడిపోయింది. నొప్పి పెద్దగా లేదని వదిలేశాను. అది తప్పని ఈ చర్చ చదివాక అనిపిస్తోంది. పది రోజులైంది.

కీళ్ల_వార్డు
రేపే చూపించండి. వేలి కొసను నిటారుగా నిలిపే స్నాయువు తెగి ఉంటుంది, లేదా ఎముక పలుకుతో సహా ఊడి ఉంటుంది. చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాలు చిన్న బద్ద చాలు. కానీ స్నానానికి కూడా కొసను ఒక్కసారి వంచకూడదు, వంచితే లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి.

తిరువాన్మియూర్_నాట్యం
చేతుల గురించే మాట్లాడుతున్నారు, పాదం గురించి నేను చెప్పాలి. ముప్పై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్నాను. పోయిన ఏడాది నా శిష్యురాలు ఒకమ్మాయి, పదహారేళ్లది, రంగప్రవేశానికి ఆరు వారాల ముందు పాదం పైభాగంలో నొప్పి అంది. ఎక్కడా పడలేదు, మెలిక పడలేదు. మొదటి ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. వాళ్ల అమ్మగారు సాధన ఎగ్గొట్టడానికి సాకు అనుకున్నారు. నేను కూడా ఒక రోజు అలాగే అనుకున్నానని చెప్పక తప్పదు, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. మూడు వారాల తరువాత తీసిన ఫిల్ములో రెండో వేలి వెనక ఉన్న పొడుగాటి ఎముక చుట్టూ దూది పింజ చుట్టినట్టు తెల్లగా కనిపించింది. ఎముక సన్నగా చిట్లి, తనంతట తాను అతుక్కోవడం మొదలుపెట్టిందన్నారు. ఆ రెండో వేలి ఎముకకే ఎందుకు వస్తుందో ఎవరైనా చెప్పగలరా? మా దగ్గర ఈ ముప్పై ఏళ్లలో నలుగురికి వస్తే ముగ్గురికి అదే.

మొదటేడు_ఎంబీబీఎస్
అమ్మా, పాదం అస్థిపంజరాన్ని చేతిలో పట్టుకుని చూస్తే కారణం కంటికే కనిపిస్తుంది. పాదంలో ఇరవై ఆరు ఎముకలు. మడమ వైపు ఏడు, అరికాలి పొడుగు ఎముకలు ఐదు, వేళ్లవి పద్నాలుగు. ఐదు పొడుగు ఎముకలలో రెండోది మిగిలిన వాటికన్నా కొంచెం వెనక్కి చొచ్చుకుపోయి, క్యూనిఫారం అనే మూడు మధ్యపాదపు ఎముకల మధ్య గూటంలా బిగుసుకుని ఉంటుంది. బొటనవేలి ఎముక లావుగా ఉంటుంది, చిటికెన వైపు ఎముకలు కొంచెం కదులుతాయి. రెండోది సన్నం, పొడుగు, కదలలేదు. మునివేళ్ల మీదికి లేచిన ప్రతిసారీ వంగే ఒత్తిడంతా దాని మెడ మీద పడుతుంది.

ఎక్స్‌రే_గది
దీనినే కవాతు విరుపు అని కూడా అంటారు. ఎక్కువ దూరం కవాతు చేసిన సైనికుల పాదాలు వాచిపోవడాన్ని 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ రాసిపెట్టాడు. వాపుకు కారణం ఆయనకు అంతుపట్టలేదు, ఎందుకంటే ఎక్స్‌రే కనుగొన్నది 1895లో. ఆ ఏడాది డిసెంబరు 22న రోంట్‌జెన్ తీసిన తొలి మనిషి చిత్రం కూడా చేతిదే. ఆయన భార్య బెర్తా చేతి ఎముకలు, వేలికి ఉంగరం అందులో కనిపిస్తాయి.

తిరువాన్మియూర్_నాట్యం
గూటం మాట వినగానే అర్థమైంది. మా హాలులో కాంక్రీటు మీద నేరుగా గ్రానైటు పరిచి ఉండేది. ఈ వేసవిలో దాని మీద చెక్క నేల వేయించాను. అమ్మాయి ఎనిమిది నెలలకు రంగప్రవేశం చేసింది.

మైలాపూరు_ముగ్గు
పాదం మాట వచ్చింది కాబట్టి నాకు ఎప్పటి నుంచో ఉన్న సందేహం అడుగుతాను. కృష్ణాష్టమికి మా ఇంట్లో గుమ్మం నుంచి పూజగది దాకా చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తాం. పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు అంచును బియ్యప్పిండి నీళ్లలో ముంచి నేల మీద అద్దితే అచ్చం పాదంలా వస్తుంది, పైన వేలి కొసతో ఐదు చుక్కలు పెడితే సరిపోతుంది. ఆ అచ్చులో నడుము దగ్గర చక్కని వంపు ఉంటుంది. మా మనవరాలికి రెండున్నరేళ్లు. స్నానం చేసి తడి కాళ్లతో ఎర్ర గచ్చు మీద నడిస్తే అచ్చులో వంపే లేదు, అట్టు పోసినట్టు నిండుగా పడుతోంది. చదును పాదం అని చెప్పి మా కోడలు మూడు వేల రూపాయల బూట్లు తెచ్చింది. అవసరమా?

కీళ్ల_వార్డు
అమ్మా, ఆ వయసు పిల్లల్లో దాదాపు అందరి అచ్చూ అలాగే ఉంటుంది. అరికాలిలో కొవ్వు దిండు మందంగా ఉంటుంది, ఎముకలను కట్టి ఉంచే బంధనాలు ఇంకా వదులుగా ఉంటాయి. వంపు ఆరు, ఏడేళ్లు వచ్చేసరికి చాలామందిలో తేలుతుంది. పాపను మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు వంపు కనిపించి, నొప్పి లేకపోతే చేయవలసింది ఏమీ లేదు. బూట్లు వంపును తెచ్చిపెట్టవు. 1992లో మన దేశంలోనే నాలుగు నుంచి పదమూడేళ్ల పిల్లలు 2300 మంది పాదాల అచ్చులు తీసి చూశారు. చెప్పులు, బూట్లు వేసుకునేవారిలో 8.6 శాతం, వేసుకోని వారిలో 2.8 శాతం మందికి చదును పాదం కనిపించింది. ఇంట్లో ఉత్త కాళ్లతో తిరగనివ్వండి.

వేళచ్చేరి_అమ్మ
నేను ఒప్పుకోలేను. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు లోపల దిండున్న బూట్లు వాడాము, ఎనిమిదేళ్లకు వంపు వచ్చింది. అంత డబ్బు పోసింది వృథా అంటే ఎలా?

కీళ్ల_వార్డు
మీ అబ్బాయికి వంపు వచ్చిన మాట నిజం. బూట్లు లేకపోయినా ఆ వయసులోనే వచ్చేది. నొప్పి, లేదా మునివేళ్ల మీద నిలిచినా చదునుగానే ఉండే బిగువు పాదం ఉన్న పిల్లల సంగతి వేరు, వారిని తప్పక చూపించాలి.

ఆయుర్వేదం_మూడో_ఏడు
అంకెలు వచ్చాయి కాబట్టి ఒక మాట. సుశ్రుతుడు శరీరంలో మూడు వందల ఎముకలు లెక్కించాడు, చరకుడు మూడు వందల అరవై. ఆధునిక లెక్క పెద్దవాళ్లలో 206. ఒక్కో చేతికి ఇరవై ఏడు, ఒక్కో పాదానికి ఇరవై ఆరు కలిపితే 106, అంటే సగానికి పైగా చేతుల్లో, పాదాల్లోనే ఉన్నాయి. సుశ్రుతుడు ప్రతి వేలికి మూడేసి చొప్పున ఒక్కో పాదానికి పదిహేను వేలి ఎముకలు చెప్పాడు. ఆధునికులు బొటనవేలికి రెండే ఇచ్చి పద్నాలుగు అంటారు. మా క్లాసులో కొందరు సుశ్రుతుడు పొరబడ్డాడని నవ్వారు. నాకు అది పొరపాటుగా అనిపించదు.

మొదటేడు_ఎంబీబీఎస్
బొటనవేలిని మడిచి చూస్తే రెండు కణుపులే కదా. మూడోది ఎక్కడి నుంచి వస్తుంది?

ఎక్స్‌రే_గది
ఈ విషయంలో ఆయుర్వేదం విద్యార్థి వైపే నేను మాట్లాడతాను. అరచేతిలోని నాలుగు పొడుగు ఎముకలకు ఎదుగుదల పలక వేళ్ల వైపు కొసలో ఉంటుంది. వేలి కణుపుల ఎముకలకు మొదట్లో, అంటే మణికట్టు వైపు ఉంటుంది. బొటనవేలి కింద అరచేతిలో ఉన్న ఎముక పేరుకు ఆ పొడుగు ఎముకల జట్టులోదే, కానీ దాని పలక మాత్రం వేలి కణుపుల లాగా మణికట్టు వైపు ఉంటుంది. ఎదిగే తీరు చూస్తే అది మూడో కణుపే అనవచ్చు. పాదంలోనూ అంతే. విల్లివాక్కం గారూ, మీ దగ్గర ఫిల్ము ఉంది కదా, మీరే చూసి చెప్పండి.

విల్లివాక్కం_నాన్న
కిటికీ దగ్గర నిలబడి రాస్తున్నాను. చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా అరచేతి ఎముకల బిళ్లలు పైన, వేళ్ల వైపు ఉన్నాయి. బొటనవేలిది ఒక్కటే కింద, మణికట్టును ఆనుకుని ఉంది. మూడు రాత్రులు ఈ ఫిల్మును చూస్తూ కూర్చున్నాను, ఇది నా కంట పడనే లేదు.

ఆయుర్వేదం_మూడో_ఏడు
ధన్యవాదాలు. రేపు క్లాసులో ఇదే చెబుతాను.

అడయార్_మాధవి
బాబు చెయ్యి ఇప్పుడు ఎలా ఉంది?

విల్లివాక్కం_నాన్న
బాగుంది, నిన్న మళ్లీ అదే జారుడుబల్ల ఎక్కాడు. వాడి చేతిని ఫిల్ము మీద పెట్టి, మూడు మూలలది, నెలవంక, కొక్కెం ఎక్కడెక్కడున్నాయో వేలితో చూపించాను. బఠానీ ఎక్కడ అని అడిగాడు. ఇంకా రాలేదంటే ఎప్పుడొస్తుందని పట్టుకున్నాడు.

ఎక్స్‌రే_గది
అయిదో తరగతికి వెళ్లేసరికి వస్తుందని చెప్పండి.